నొగ మీద మునెయ్య

ఇరుసుకు ఆముదం మడ్డి పూస్తూ మునెయ్య చర్చి వాకిలి వైపు చూశాడు. సుందరరాజ్ అయ్యగారు గోడ పట్టుకుని మెట్లు దిగుతున్నారు. రాత్రంతా జ్వరం.

"ఈ పొద్దు వద్దయ్యగారూ."

"వెంగల్ అవతల మాలపల్లెవాళ్లు ప్రార్థన గుడి కట్టుకున్నారు. తొలి ప్రభుభోజనం, రొట్టె నేనే పంచాలి. ఎట్లా మానేది?"

మునెయ్య గడ్డి మందంగా పరిచి ఆయన్ను బండిలో పడుకోబెట్టాడు.

తిరువళ్లూరు ఆంగ్లికన్ చర్చి బండి తోలడమే అతని బతుకు. సన్నటి మనిషి. మెడ కాస్త ముందుకు వంగి ఉంటుంది. ఎడమకాలి బొటనవేలు చిన్నప్పుడే చక్రం కింద నలిగిపోయింది. ఇద్దరు తెల్ల పాదిరీలను పల్లెలన్నీ తిప్పాడు. తెల్లవాళ్లు లోపల కూర్చుంటే ఊరి పెద్దకులాలవాళ్లు బండిని నడివీధిలో పోనిచ్చేవాళ్లు. మునెయ్య మాత్రం తను కూర్చుని తోలే నొగ దిగి, చెప్పులు చేతబట్టుకుని, ఎద్దు పక్కన నడవాలి. తరువాత సుందరరాజ్ వచ్చారు. మునెయ్యలాగే ఆయనా మాలపల్లెలో పుట్టినవాడేనని తెలియగానే బండికే వీధి మూసేశారు. అప్పట్నుంచి పొలంగట్టు మీద చుట్టు తిరిగి పోవడమే. "తగువు వద్దు మునెయ్యా" అనేవారు అయ్యగారు. మునెయ్య పళ్లు కొరుక్కుంటూ ఎద్దును గట్టు మీదికి మళ్లించేవాడు.

వెంగల్ దాటి, ఆ పల్లెకు ముందున్న పెద్ద ఊరి మొదటికి చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. వానలకు గట్టు తెగి దోవంతా మోకాటిలోతు బురద. వెనక అయ్యగారి మూలుగు. మునెయ్య ఎద్దును వీధిలోకి మళ్లించాడు. నొగ మీదినుంచి దిగలేదు.

అరుగు మీదున్న పెద్దరైతు చెంగల్రాయుడు లేచొచ్చి ముక్కుతాడు పట్టుకున్నాడు.

"యాడికిరా? దిగు!"

"అయ్యగారికి జొరం, నాయుడా. గట్టు తెగిపోయినాది."

"దిగి బండి ఎనక్కి తిప్పు."

"దిగను. తిప్పను."

చేతికర్ర మునెయ్య భుజం మీద పడింది. మళ్లీ పడింది. పగ్గం వదల్లేదు. అప్పుడు బండి గూడు లోపలినుంచి, జ్వరానికి బొంగురుపోయిన గొంతు వినబడింది.

"మునెయ్యా, దిగొద్దు."

మునెయ్య ఎద్దును అదిలించాడు. అది తల విదిలించేసరికి చెంగల్రాయుడి చేతిలో తాడు జారింది. కొమ్ములకు అందకుండా పక్కకు తప్పుకున్నాడు. బండి అరుగుల ముందునుంచి సాగిపోయింది. మునెయ్య తొందరపెట్టలేదు.

పల్లెలో ఇద్దరు అయ్యగారిని చెరోవైపు పట్టుకున్నారు. రొట్టె అందరికీ తన చేత్తోనే పంచారు. ద్రాక్షరసం గిన్నె వణుకుతుంటే ముందు వరుసలో ఉన్న ముసలి చెంచమ్మ అడుగున తన చెయ్యి పెట్టింది. వద్దనలేదాయన.

వచ్చేటప్పుడూ అదే వీధి. తలుపులన్నీ వేసున్నాయి.

"దాటేసినాము అయ్యగారూ" అని వెనక్కి తిరిగాడు మునెయ్య. అయ్యగారి తల గడ్డి మీద పక్కకు వాలిపోయి ఉంది. బండి ఆపి, ఆయన రొమ్ము మీద చెయ్యి వేసి చూశాడు. ఊపిరి ఆగిపోయింది. ఆయన కళ్లు మూసి, తన పైగుడ్డ కప్పి, తిరువళ్లూరు దారి పట్టాడు.

సమాధి అయ్యాక చర్చి సంఘపెద్ద గోపాలన్ అతన్ని పక్కకు పిలిచాడు. "ఊరోళ్లు కంప్లయింటు ఇచ్చినారు. ఇంక ఆ వీధిలో పోతే పని ఉండదు నీకు."

"లేకపోతే పోనీండి" అన్నాడు మునెయ్య.

మర్నాడు పల్లెకు కబురు చెప్పడానికి ఒక్కడే బయల్దేరాడు. ఖాళీ బండి, నడివీధి. చెంగల్రాయుడు అరుగు మీదినుంచి కాండ్రించి ఉమ్మాడు. లేవలేదు.

కబురు విని చెంచమ్మ గుడి గడపలో కూలబడి ఏడ్చింది. తరువాత కళ్లు తుడుచుకుని లోపలికి చెయ్యి చూపించింది. "ఆ పొద్దు అయ్యగారు ఊపిరాడలేదని ఇప్పినాడు. ఎత్తుకుపోతావా నాయనా?"

"ఉండనీమ్మా. కొత్తగా వచ్చే అయ్యగారు చూడనీ."

ఇంకా తడారని మట్టిగోడలో వంకరగా దిగిన మేకుకు, చెమటకు అంచు పసుపెక్కిన పాదిరి మెడపట్టీ వేలాడుతోంది.