బెజవాడలో హీటరు

నేను ఒక హీటరుని. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, చలికాలంలో కారులోకి వెచ్చటి గాలి రావడానికి డ్యాష్‌బోర్డు వెనక బిగించే చిన్న రేడియేటరుని. రాగి గొట్టాలు, వాటి మధ్య పల్చటి రాగి రేకులు, అటూ ఇటూ ఇత్తడి తొట్లు, ఇదీ నా ఒళ్లు. ఇంజను దగ్గర కాగిన నీళ్లు నాలోంచి పారుతుంటే వెనక నుంచి ఫ్యాను ఊదుతుంది, లోపల కూర్చున్నవాళ్లకు హాయిగా ఉంటుంది. ఇంత గొప్ప సదుపాయం బిగించిన కారును కంపెనీవాళ్లు అమ్మకానికి బెజవాడ పంపారు. మనుషుల తెలివి మీద నాకు మొదటి అనుమానం అప్పుడే కలిగింది.

కారు కొన్నది ఓ పళ్ల డాక్టరుగారు. ఆయన నన్ను ముట్టుకోలేదు. ముట్టుకున్నది ఆయన అత్తగారు. ఓ మే నెలలో మంగళగిరి వెళుతూ, ఎర్రగీత వైపు తిప్పితే చల్లదనం పెరుగుతుందనుకుని మీట చివరిదాకా తిప్పేసింది. నేను మహా ఉత్సాహంగా పనిచేశాను. దిగేసరికి అందరి బట్టలూ పిండుకునేలా ఉన్నాయి. మర్నాడే కారును ఆటోనగర్ తీసుకెళ్లి, నాలోకి నీళ్లొచ్చే గొట్టాన్ని కోయించి దారి మళ్లించారు. ఆ తరవాత పన్నెండేళ్లు చీకట్లో, ఎండిపోయిన గొట్టాలతో ఉత్తినే కూర్చున్నాను. పని లేకపోవడాన్ని విశ్రాంతి అనేవాళ్లు ఎప్పుడూ పని లేకుండా ఉండి ఉండరు.

ఆనాడు నా గొట్టం కోసినవాడు మీరావలి, రేడియేటర్ల మెకానిక్కు. కారు తుక్కుకి వచ్చినప్పుడు నన్ను ఊడదీసినవాడూ అతనే. "రాగి సరుకు, పారెయ్యబుద్ధి కాదు" అని షాపులో మేకుకు తగిలించాడు. అతనికి అరవై దాటాయి. చదివింది అయిదో తరగతి. ఒత్తక్షరాలు పలకవు, భార్యను బార్య అంటాడు, ధనియాల్ని దనియాలంటాడు. అలాంటివాడి భార్య జాన్‌బీ మునిసిపల్ హైస్కూల్లో ముప్ఫై ఏళ్లు తెలుగు పండితురాలు. ఆమె రిటైరైంది కాని, ఒత్తుల్ని రిటైర్ చెయ్యలేదు.

నన్ను మేకు మీంచి దించడానికి కారణం సువార్త. సువార్తకు పుట్టుకతోనే చూపు లేదు. చిన్నప్పుడు జాన్‌బీ క్లాసులో మొదటి బెంచీలో కూర్చుని, విని చదువుకుంది. ఇప్పుడు ముప్ఫై నాలుగేళ్లు. తెలుగు టీచరు ఉద్యోగం పరీక్ష రెండుసార్లు రాసి, రెండుసార్లూ కొద్దిలో పోగొట్టుకుంది. కావలసిన పుస్తకం నాలుగువందల పేజీలు, బ్రెయిలీ చుక్కల లిపిలో దొరకలేదు. అందుకని జాన్‌బీ రోజూ కొన్ని పేజీలు కంప్యూటరు ముందు చదివి రికార్డు చేసి, రేపల్లెలో ఉన్న సువార్త ఫోనుకు పంపేది. ఈసారీ పోతే ఇక రాయనని సువార్త తేల్చి చెప్పేసింది. అందుకే జాన్‌బీకి అంత పట్టుదల.

రికార్డింగు మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యేది. ఎండకు భయపడి వీధి వీధంతా తలుపులేసుకునే వేళ అదొక్కటే. కిటికీలు మూసి, సీలింగ్ ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ ఆమె చదివేది. ఆమె ఓర్చుకునేది కాని, కంప్యూటరు ఓర్చుకునేది కాదు. లోపలి చిప్పు కాగిపోయేది, దాని నెత్తిన ఉన్న ఫ్యాను పిండిమరలా అరిచేది. ఆ మోత మీదుగా వినపడాలని జాన్‌బీ గొంతు పెంచేది. అయినా ఓ రోజు సువార్త ఫోన్ చేసింది.

"టీచర్, పర్యాయపదాల్లో మీరన్నది కరమా, ఖరమా? కరమనుకుని చెయ్యి అని పెట్టాను. మాదిరి పరీక్షలో తప్పని కొట్టేశారు. అది ఖరమంట, గాడిదంట."

జాన్‌బీ రికార్డు వేసి విన్నది. ఒత్తక్షరమంటే ఏముంది, అక్షరం వెంట వదిలే కాస్త ఊపిరి. ఆ ఊపిరిని ఫ్యాను మోత మింగేస్తోంది. వ్యాకరణం వాటికి మహాప్రాణాలని పేరు పెట్టింది. పండితురాలికి నిజంగానే ప్రాణం పోయినంత పనైంది.

కొత్త కంప్యూటరు కొనుక్కోమన్నాడు షాపతను. "కొత్తదానికి మాత్రం ఫ్యాను ఉండదా?" అంది జాన్‌బీ. అప్పుడు మీరావలి పెట్టె మూత తీసి, లోపలికి తొంగిచూసి తన సిద్ధాంతం చెప్పాడు.

"లారీ ఇంజను కాగితే ఏం చేస్తాం? నీళ్లు తిప్పుతాం. ఇదీ అంతే."

"లారీని నేను బల్ల మీద పెట్టుకుని కూర్చోవట్లేదు. కరెంటు పెట్టెలో నీళ్లు పోస్తానంటారేంటండీ!"

ఆమె భయం న్యాయమైనదే. అతను వినలేదు. పక్కషాపు లేతు మిషను మీద ఓ రాగిదిమ్మెకు లోపల కాలువలు తీయించి, మూత పెట్టి సీసంతో మాటు వేసి, ఫ్యాను పీకేసి ఆ దిమ్మెను చిప్పు నెత్తిన కూర్చోబెట్టాడు. ఎయిర్‌కూలరు మోటారు ఒకటి నీళ్లు తోడటానికి. ఇక దిమ్మె దగ్గర వేడెక్కిన నీళ్లను చల్లార్చడానికి నేను. నన్ను నీళ్ల తొట్టిలో ముంచి, సైకిలు పంపుతో గాలి కొట్టి, బుడగ వచ్చిన మూలన మాటు వేశాడు. గది కిటికీ బయట, నీడగా ఉండే వెనక వరండాలో నన్ను నిలబెట్టి, పాత టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టాడు. మోత ఏదైనా ఉంటే వరండాలోనే ఉంటుంది. గొట్టాలు కిటికీ సందులోంచి లోపలికి వెళ్లాయి.

కుళాయి నీళ్లు పోస్తే నాచు పడుతుందని, బ్యాటరీల్లో పోసే స్వచ్ఛమైన నీళ్లు తెచ్చాడు. అంతా బాగానే ఉంది కాని, ఆ నీళ్లకూ మోటారుకూ పాత్రగా వంటింట్లోంచి మాగాయ జాడీ పట్టుకొచ్చాడు. కడిగాడు, రెండుసార్లు కడిగాడు. పదేళ్లు మాగాయ ఊరిన జాడీలోంచి ఉప్పు రెండు కడుగులకు పోతుందా? మూడో రోజుకు నీళ్లు మబ్బు పట్టాయి, గొట్టాలు వేడెక్కగానే గదిలో ఆవఘాటు మొదలైంది. "కంప్యూటరుకు అన్నం కూడా పెట్టండి" అంది జాన్‌బీ. అతను నన్ను కడిగి, జాడీ తీసేసి ప్లాస్టిక్ డబ్బా పెట్టాడు. తరవాత రెండు రోజులు కంప్యూటరు వెయ్యకుండా నీళ్లు మాత్రమే తిప్పి, ప్రతి అతుకు కిందా న్యూస్‌పేపరు పరిచి, తడి మచ్చ కోసం మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. కాగితం పొడిగానే ఉంది.

ఆరోజు మధ్యాహ్నం ఆమె మీట నొక్కింది. చిప్పు వేడెక్కింది, ఆ వేడి నీళ్లతో నా దగ్గరికి వచ్చింది, నేను దాన్ని వరండాలో వదిలేశాను. గదిలో చప్పుడు లేదు. కంప్యూటరు వెలిగిందో లేదోనని జాన్‌బీ రెండుసార్లు చూసుకుంది. తరవాత మెల్లగా "ఖరం" అంది. మళ్లీ వేసి విన్నది. ఆ ఒత్తు నాక్కూడా వినిపించింది, కిటికీ అవతల. నాకు చాలా గర్వంగా అనిపించింది.

సాయంత్రం సువార్త ఫోన్ చేసింది. మెచ్చుకుంటుందని ముగ్గురం ఎదురుచూశాం.

"చప్పుడు పోయింది టీచర్. ఇప్పుడు మీ గొంతు వినిపిస్తోంది. ఎండాకులు నలిపినట్టుంది. ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది?"

ఎన్నాళ్ల నుంచో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఫ్యాను మోత దాన్నీ కప్పేసింది. రెండు నెలలు ఆ మోత మీదుగా అరిచి అరిచి ఆమె స్వరతంత్రులు వాచిపోయాయన్నాడు గొంతు డాక్టరు. నెల్లాళ్లు ఒక్క మాట కూడా మాట్లాడొద్దన్నాడు, గుసగుసగా కూడా. పరీక్షకు పన్నెండు రోజులే ఉంది. చదవాల్సినవి ఇంకా నలభై ఆరు పేజీలున్నాయి.

ఆ సాయంత్రమంతా జాన్‌బీ పుస్తకం ఒళ్లో పెట్టుకుని, పేజీలు తిప్పకుండా కూర్చుంది. మర్నాడు రెండింటికి మీరావలి షాపు మూసి వచ్చాడు. కాళ్లూ చేతులూ కడుక్కుని, కళ్లజోడు తుడుచుకుని ఆమె కుర్చీలో కూర్చున్నాడు.

"నవ్వకు టీచరమ్మా" అని పుస్తకం తెరిచాడు.

కిటికీ అద్దంలోంచి అంతా చూశాను. అతను వేలు పెట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాడు. జాన్‌బీ పక్కన కూర్చుని, ఒత్తక్షరం వచ్చినప్పుడల్లా అరచేతిని అతని నోటికెదురుగా పట్టుకునేది. చిన్నపిల్లలకు నేర్పే పద్ధతే. ఒత్తు సరిగ్గా పలికితే చేతికి గాలి తగలాలి. తగలకపోతే తల అడ్డంగా ఊపేది. అతను మళ్లీ అనేవాడు. మళ్లీ తగిలేది కాదు. అరవై ఏళ్లు ఒక దారిన నడిచిన నాలుక ఒక మధ్యాహ్నంలో మళ్లదు. పెళ్లై ముప్ఫై అయిదేళ్లు గడిచాక, ఒకరి ఊపిరి కోసం ఒకరు అంత దగ్గరగా కూర్చున్నారు. నా ఫ్యాను ఆగిపోకుండా ఉంటే చాలనుకున్నాను.

మొదటి రోజు రెండు పేజీలే అయ్యాయి. రెండో రోజు అరగంటకు ఆమె చెయ్యి దించేసి, కానివ్వమన్నట్టు పేజీ తిప్పింది. ఓడిపోయినట్టే తిప్పింది, కళ్లు కూడా తడిశాయి. అతను చూడనట్టు చదువుకుంటూ పోయాడు. తొమ్మిది రోజుల్లో నలభై ఆరు పేజీలూ అయ్యాయి, ఒక్క ఒత్తు లేకుండా.

నేను చేసిందల్లా చప్పుడు తీసెయ్యడం. చప్పుడు పోతే మంచే వినిపిస్తుందని నేనూ వాళ్లలాగే అనుకున్నాను. చప్పుడు కింద ఏముంటే అదే వినిపిస్తుంది. ఆమె చీలిన గొంతూ, అతని నాలుక తిరగని మాటలూ నా నిశ్శబ్దంలో స్పష్టంగా రికార్డయ్యాయి.

నెల గడిచింది. మాట్లాడొచ్చని డాక్టరు చెప్పిన రోజున, ఆమె ఏమంటుందోనని మీరావలి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"మూడువందల అరవై రెండో పేజీలో ఖరాన్ని కరమని చదివారు" అంది. గొంతు మునుపటికన్నా కాస్త కిందికి దిగింది. అతను పకపకా నవ్వాడు.

ఆ రికార్డులు కావాలని మరో నలుగురు చూపులేనివాళ్లు అడిగారు. తప్పులతో పంపడానికి జాన్‌బీకి మనసొప్పలేదు. ఆ నలభై ఆరు పేజీలూ చెరిపేసి తనే మళ్లీ చదువుదామని కూర్చుంది. మొదటి పేజీ తెరిచేసరికి ఫోను మోగింది. ఫలితాలు వచ్చాయి. సువార్తకు ఉద్యోగం వచ్చింది. అటూ ఇటూ ఏడుపులయ్యాక, చెరిపేస్తున్నానని జాన్‌బీ చెప్పింది.

"వద్దు టీచర్, తీసెయ్యకండి. మీరు చదివినవి, ఆ ఫ్యాను మోతలో కూడా, నమ్మేసి వింటూ కూర్చున్నాను. బాబాయ్ చదివినవి అలా వినడానికి లేదు. ఇది చెయ్యా, గాడిదా అని ప్రతి మాటకీ ఆగి, ఒత్తు ఎక్కడుండాలో నేనే వెతుక్కున్నాను. పరీక్షలో ముందు గుర్తొచ్చింది అవే."

జాన్‌బీ ఫోను పెట్టేసింది. మీరావలి గుమ్మంలో నిలబడి, చేతి మసిని గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు. ఆమె అతనివైపు చూసి, కంప్యూటరువైపు తిరిగి, పేజీలు చెరపకుండా వాటి ముందు ఒక్క మాట చేర్చి రికార్డు చేసింది. నీళ్లు నాలోంచి చప్పుడు లేకుండా పారుతున్నాయి.

"ఇక్కణ్ణుంచి చదివేది మా ఆయన. ఒత్తులు మీరు పెట్టుకోండి."