ఆయన ఒంటికి వండిన వంట

జుట్టు నెరిశాక అక్షరాలు దిద్దినదాన్ని. ఒత్తులు తప్పితే మన్నించండి. చెయ్యి కూడా నత్తనడకే, ఈ కాస్తకీ వానాకాలమంతా పట్టింది.

మా వీధి దర్జీ దుకాణంలో చొక్కాలకి చేత్తో గుండీల కాజాలు కుట్టే ఆవిడ ఉండేది. అందరూ కాజాలక్క అనేవాళ్ళు. ఒక ఏడు చలికి ఆవిడ వేళ్ళు మొరాయించాయి. సూది జారిపోయేది. కంటికి కునుకు లేదు, చర్మం బెరడు కట్టింది.

"అక్కా, ఇది కాజానా, ఎలక కొరికిందా?" అన్నాడు కటింగ్ మాస్టరు, చొక్కా ఎత్తి చూపిస్తూ.

"ఎలకైతే నీకంటే తిన్నగా కొరుకుతుందిలేరా!"

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది గానీ ఆ కాజా విప్పి మళ్ళీ కుట్టడం మొదలెట్టింది. ఈ పని పోతే పొద్దస్తమానం తనతో మాట్లాడే మనిషే ఉండడు.

ఆయుర్వేదం చేసే వైద్యురాలి దగ్గరికి వెళ్తే, ఆవిడ నాడి చూసింది. "నీది వాత శరీరమమ్మా. చలవ పడదు. ఏం తింటావు?"

"చల్లారిన అన్నం, దోసకాయ ముక్కలు, పాలు. అల్లం, మిరియం ముట్టను."

"ఎవరు చెప్పారు?"

"మా ఆయనకి చెప్పారండీ. ఆయనది పిత్తం, వేడి పడదు."

"మరి నీకు?"

కాజాలక్కకని ఎవరూ ఏమీ చెప్పలేదు. ఒకే పొయ్యి, ఒకే గిన్నె. "ఆయన పోయారండీ," అంది.

వైద్యురాలు ఆవిడ వేళ్ళు పట్టుకుని చూసింది. "పోయినాయన పథ్యం నువ్వు చేస్తున్నావు తల్లీ. వేడివేడిగా తిను. నెయ్యి, అల్లం, మిరియాలు వేసుకో. నువ్వులనూనె రాసుకుని వేన్నీళ్ళు పోసుకో. వేళకి పడుకో. లేకపోతే ఈ వేళ్ళు నీ మాట వినవు."

అల్లమైతే కొంది. 'ఈ పూటకి కానీ' అనుకుని చప్పిడి కూడే తింది. మర్నాడూ అంతే. అది తింటుంటే ఆయన ఎదురుగా కూర్చుని "ఉప్పు సరిపోయిందే" అంటున్నట్టుండేది. మానేస్తే, తింటున్న మనిషిని కంచం ముందునుంచి లేపేసినట్టే.

ఆ వారంలోనే మాస్టరు ఆవిడ ముందున్న చొక్కాలు తీసి మిషను మీద కుట్టే ఆయనకి ఇచ్చేశాడు. ఈసారి జోకు వెయ్యలేదు. అదే ఆవిడ్ని భయపెట్టింది.

ఇంటికెళ్ళి అల్లం దంచింది. మిరియాల ఘాటు గదంతా కమ్మింది. "మీరు అటు వెళ్ళండి, పడదు," అనేసింది నోరుజారి. ఎవరూ లేచి వెళ్ళలేదు.

పొగలు కక్కే అన్నంలో ఆ కారం కలిపి నెయ్యి పోసుకుంది. మొదటి ముద్దకే నాలుకకి ప్రాణం లేచొచ్చింది. ఎంత బాగుందో! తనకి కారమంటే ఇష్టమన్న సంగతి తనకే గుర్తులేదు. ఆ రుచికే ఏడుపు ముంచుకొచ్చింది. అయినా ఆపలేదు, గిన్నె ఊడ్చేసింది.

చలి తగ్గకముందే వేళ్ళు దారికొచ్చాయి. చొక్కాలు మళ్ళీ ఆవిడ ముందుకొచ్చాయి. భోజనం దగ్గర మాత్రం, ఇప్పుడు నిజంగా ఒక్కతే.

పిచ్చుకమ్మ అంటారు నన్ను. డెబ్బై ఒకటి నిండాయి. ఇప్పుడు మా ఆడపడుచు ఇంట్లో, వంటింటి పక్కగదిలో ఉంటున్నాను.