నాలుగో మెట్టు మీద గీత

ఐదో మెట్టు మీద దూది కనిపించింది.

చిటికెడంత దూది. పరుపులు కుట్టే ఇమాం వలి ఇంట్లో దూది కనిపించడం వింతేమీ కాదు. చారులో కూడా అప్పుడప్పుడూ తేలుతుంది. కానీ మేడమెట్లలో నాలుగో మెట్టు మీద సుద్దముక్కతో గీసిన గీత ఒకటుంది. ఈ దూది ఆ గీతకు పైన ఉంది. కింది ఇంటి వస్తువు ఏదైనా గీత దాటి పైకొచ్చిందంటే శిరీన్ కర్నూలు చదువు అక్కడితో ఆఖరు.

శిరీన్ అటూ ఇటూ చూసి, దూదిని పిడికిట్లో దాచుకుని, గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

ఈ గీత కథ సోమవారం మొదలైంది. అంతకు ముందు రోజే ఆమెకు కర్నూల్లో ఇంజనీరింగ్ సీటు వచ్చింది, కోరుకున్న సివిల్ బ్రాంచిలో. తొమ్మిది రోజుల్లో చేరాలి. వద్దనుకుంటే రెండో విడతలో కడప కాలేజీకి మార్చుకోవచ్చు, ఏ బ్రాంచి దొరికితే అది.

“కడపకే పెట్టు” అన్నాడు ఇమాం వలి. “పొద్దున బద్వేల్లో బస్సెక్కితే సందేళకు ఇంట్లో ఉంటావు.”

“పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. ఇంగ చదివేది యాడ నాయనా, కండక్టరు పక్కనా?”

“ఇంట్లోనయితే అమ్మ చేతి కూడు ఉండాది. జరమొస్తే చూసే దిక్కుండాది. ఆడ ఎవరుండారు? బియ్యం కడగను గూడా రాదు నీకు.”

“హాస్టల్లో మెస్సుంటాది కదా” అంది తల్లి రుఖియా.

“మెస్సు బాగలేకపోతే? తిన్న తట్ట తియ్యదు, విడిచిన గుడ్డ ఉతకదు. నాలుగు దినాలుండి అయిదో దినం ఏడ్చుకుంటా బస్టాండులో నిలబడతాది.”

“ఏడు దినాలుండి చూపిస్తా” అంది శిరీన్.

“యాడ?”

ఆమె వేలు పైకి చూపించింది. మిద్దె మీద ఒక గది ఖాళీగా ఉంది. మెట్లు వీధివైపు ఉంటాయి కాబట్టి ఇంట్లోకి రాకుండానే వచ్చిపోవచ్చు.

ఇమాం వలి పాత క్యాలెండరు కాగితం వెనక షరతులు రాశాడు. వారం రోజులు పైనే ఉండాలి. వండుకోవాలి, ఉతుక్కోవాలి, నీళ్లు మోసుకోవాలి. కింది నుంచి మనిషిగానీ మెతుకుగానీ వస్తువుగానీ గీత దాటి పైకి పోకూడదు. పోతే కడప కాలేజీ, రోజూ బస్సు.

వార్డెన్‌గా నాయనమ్మ చాంద్ బేగాన్ని పెట్టారు. ఆమెకు మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేదు. ఎక్కనవసరం కూడా లేదు. మెట్ల పక్కనే మంచం వేయించుకుని, స్టీలు తట్ట మీద గరిటెతో మోగిస్తే వీధి వీధంతా లేస్తుంది.

“శిరీన్!”

“హాజరు జేజీ!”

“పండ్లు తోముకున్న్యావా మే?”

“హాస్టల్లో అవన్నీ అడగరు జేజీ!”

“నా హాస్టల్లో అడుగుతాం!”

పడుకోవడానికి శిరీన్ దుకాణం నుంచి హాస్టల్ పరుపు తీసుకుంది. కాలేజీలు తెరిచే కాలంలో ఇమాం వలి దగ్గర ఎక్కువగా పోయేది అదే. రెండున్నర అడుగుల వెడల్పు, ఐదు కిలోల దూది. “హాస్టలే కదప్పా, చాల్లే” అని తండ్రులు అడిగి మరీ కుట్టించుకుపోతారు.

మొదటి రాత్రి దాని మీద పడుకున్న శిరీన్‌కు మంచం పట్టీలు ఎన్నున్నాయో చూడకుండానే తెలిసిపోయింది. మంగళవారం నడుం పట్టుకుని మార్కెట్టుకు పోయింది. బుధవారం అరటికాయ వేపుడు మాడిపోతే మాడిందే తిన్నది. కానీ ఆ రోజు నడుం నొప్పి లేదు. అలవాటు పడ్డాననుకుని సంతోషించింది.

గురువారం దూది కనిపించింది.

తలుపు గడియ వేసి పరుపు ముందు మోకాళ్ల మీద కూర్చుంది. పరుపులవాడి కూతురికి పరుపు అబద్ధం చెప్పలేదు. కొస ఎత్తి చూసింది. బరువు పెరిగింది. అరచేత్తో నొక్కింది. చెయ్యి మంచానికి తగల్లేదు. తిప్పి, దూది కూరే మూతి చూసింది. సోమవారం ఆ కుట్టు నల్లదారంతో ఉంది. ఇప్పుడు తెల్లదారం.

ఎవరో తను లేనప్పుడు వచ్చి, మూతి విప్పి, దూది కూరి, మళ్లీ కుట్టి పోతున్నారు.

అమ్మ కాదు. ఆమె చొక్కా గుండీ కుడితే మూడో రోజు ఊడుతుంది. ఈ కుట్టు గుర్రాన్ని కట్టినా తెగదు. ఊళ్లో ఇలాంటి కుట్టు కుట్టే చెయ్యి ఒక్కటే. నాయనది. ఆదివారం సాయంత్రం నాయన ఈ పరుపును తక్కెడ మీద పెడతాడు. ‘చూడు, నా దుకాణంలో దూది గీత దాటె. ఓడిపోయినావు’ అంటాడు. అందుకే ఇదంతా!

ఇంకో సంగతి కూడా తట్టింది. వార్డెన్ కన్నుగప్పి పిల్లి కూడా మెట్లెక్కలేదు. అంటే వార్డెన్‌ను కొనేశారు.

శుక్రవారం పదకొండు గంటలకు శిరీన్ సంచి పట్టుకుని దిగింది.

“మార్కెట్టుకు పోతాండా జేజీ!”

“నిదానంగా రా మే. తొందరేం లేదు” అంది చాంద్ బేగం. అంత ప్రేమగా ఆమె ఎప్పుడూ చెప్పదు.

శిరీన్ వీధి చివరి దాకా పోయి, వెనక సందులోంచి తిరిగొచ్చి, పక్కింటి సుబ్బయ్య మేడ ఎక్కి, పిట్టగోడ దాటి తమ మిద్దె మీదికి దిగింది. నీళ్ల ట్యాంకు వెనక నక్కింది. ఎండ మాడు పగలగొడుతోంది.

ఐదు నిమిషాలు. పది నిమిషాలు.

కింద గొంతులు.

“తెచ్చినావా?” చాంద్ బేగం గొంతు.

“రెండే తెచ్చినా. రుఖియాకు తెలిస్తే నన్ను చంపుతాది. నీకు షుగరు.”

“నిన్న మూడు తెస్తివి కదరా.”

“నిన్న పని ఎక్కువుండె.”

జిలేబీ పొట్లం విప్పిన చప్పుడు. తర్వాత మెట్ల మీద అడుగులు. దొంగలు కూడా అంత మెల్లగా ఎక్కరు. ఇమాం వలి చంకలో దూది మూట, పండ్ల మధ్య దబ్బనం. శిరీన్ కిటికీ పక్కకు జరిగింది. ఆయన గదిలోకి పోయి పరుపు మూతి విప్పాడు. గుప్పెడు గుప్పెడుగా దూది పెట్టి, లోపల మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి సర్దాడు. కుట్టాడు. ఆ తర్వాత చేసిన పని చూసి శిరీన్ నోరు తెరిచింది. ఆయన పరుపు మీద పడుకున్నాడు. ఎడమవైపు తిరిగాడు. కుడివైపు తిరిగాడు. బోర్లా పడుకుని కళ్లు మూసుకున్నాడు.

“ఇంకో అర్ధకిలో” అన్నాడు తనలో తను.

“ఏం నాయనా, నిద్ర బాగా పట్టెనా?”

ఇమాం వలి ఎగిరి కూర్చున్నాడు.

“నువ్వు మార్కెట్టుకు పోలా?”

“నన్ను ఓడించేదానికి ఇంత పథకమేస్తివా? నువ్వే గీత గీసి, నువ్వే దూది మోసి! ఆదివారం తక్కెడ తెస్తావు కదూ?”

కూతురి కళ్లలో నీళ్లు చూసి ఆయన తెల్లబోయాడు. “తక్కెడేంది మే? నిన్ను ఓడించాలంటే ఇంత కష్టమెందుకు? కింది నుంచి ఒక గ్లాసు మజ్జిగ పంపితే సరిపోయేది కదా!”

శిరీన్ కళ్లు తుడుచుకుంది. అది నిజమే.

“మరెందుకు?”

ఆయన దబ్బనాన్ని చొక్కాకు గుచ్చుకుని, పరుపు మీద అరచేయి రాశాడు.

“మంగళవారం మార్కెట్టులో చూస్తి నిన్ను. నడుం మీద చెయ్యేసుకుని ముసలమ్మ మాదిరి నడుస్తాంటివి. పదైదేండ్లుగా ఈ ఐదు కిలోల పరుపు కుడతాండా. ఎంతమంది పిల్లోళ్లు మోసుకుపోయిరో. ఒక్క దినమన్నా నేను దీని మీద పండుకుండలే. ఆ పొద్దు దుకాణంలో పండుకుని చూసినా. పదినిమిషాలు గూడా ఉండలేకపోతి.” పరుపు కొస సర్దాడు. “అందుకే రోజుకింత ఏస్తా, మర్సనాడు నీ నడక చూస్తా. నడుం మీద చెయ్యి తీసేస్తివి. మెట్లు దిగేటప్పుడు మాత్రం ఇంకా మొగం చిట్లిస్తాండావు. అంటే ఇంకో అర్ధకిలో కావాల. హాస్టలుకు పోయినాక కొలతలు తీసుకునేదానికి కుదర్దు కదా.”

“హాస్టలుకు పోయినాకనా? అంటే పంపిస్తావా?”

“బుధవారమే అనుకుంటి. మాడిన అరటికాయ కిందికి తొంగి చూడకుండా తింటివి. వీధిలోకి కంపు కొడతాండె.”

“అప్పుడే చెప్పొచ్చు కదా!”

“చెప్తే ఆ పొద్దే దిగొచ్చి పెట్టె సర్దుకుంటావు. ఇంట్లో ఉండేదే వారం.” ఆయన ముఖం తిప్పుకుని దారపు ఉండ చుట్టాడు. వెంటనే గొంతు సవరించుకున్నాడు. “అయినా ఇప్పుడొక చిక్కు. షరతు రాసింది నేను. గీత దాటిందీ నేనే. మాట తప్పి పంపితే రేపు నీకు ఏ మొగంతో బుద్ధి చెప్పేది?”

ఇద్దరూ వార్డెన్ దగ్గరికి దిగారు. చాంద్ బేగం మూతి తుడుచుకుని తీర్పుకు సిద్ధమైంది. చప్పుడు విని రుఖియా కూడా వచ్చింది. జిలేబీ కాగితం మంచం కింద కనిపించింది గానీ, దాని విచారణ తర్వాతకు వాయిదా పడింది.

“దాటింది ఎవుడు? నువ్వు” అంది చాంద్ బేగం కొడుకుతో. “శిక్ష దానికెట్ల పడతాది? మూడు రాత్రులు పాప మెత్తగా పండుకుండాది. ఇంగ మూడు రాత్రులుండాయి. ఆ మూడు రాత్రులు ఐదు కిలోల పరుపు మీద నువ్వు పండుకోవాల.”

“నా పరుపులో గూడా ఏసిన దూదంతా తీసెయ్ నాయనా” అంది శిరీన్.

“ఎందుకు మే? తీర్పు అయిపోయె కదా.”

“ఏడు దినాలంటే ఏడు దినాలే. దొంగ దూది మీద గెలిస్తే రేపు నువ్వు దెప్పుతావు.”

ఇమాం వలి తన చేత్తో పెట్టిన దూదిని తన చేత్తోనే బయటికి లాగాడు. అంతకంటే అత్తరు పారబోయమన్నా సంతోషంగా పోసేవాడు.

సోమవారం పొద్దున చాంద్ బేగం తట్ట మోగించింది. పై నుంచి కూతురు, వసారాలోంచి తండ్రి, ఇద్దరూ నడుం మీద చేతులేసుకుని వచ్చి నిలబడ్డారు. రుఖియా నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయింది.

ఆ రోజే దుకాణంలో ఐదు కిలోల పరుపు ఆగిపోయింది. కోడలి తమ్ముడికని సుబ్బయ్య వచ్చి “హాస్టలే కదప్పా, చాల్లే” అనబోతే, ఇమాం వలి ఆయన్ను నమూనా పరుపు మీద పడుకోబెట్టాడు. రెండు నిమిషాల్లో సుబ్బయ్య ఏడు కిలోలకు ఒప్పుకున్నాడు.

మంగళవారం పొద్దున కర్నూలు బస్సులో మూడు టిక్కెట్ల చోటు పట్టింది. తండ్రి, కూతురు, ఏడున్నర కిలోల పరుపు. హాస్టల్లో ఇమాం వలి తనే పరుపు పరిచి, నాలుగు మూలలూ నొక్కి చూశాడు. గదిలో ఉండే ఆదోని అమ్మాయి హంపమ్మ కూర్చుని చూసి “అబ్బ!” అంది. ఆయనకు తిరుగు ప్రయాణంలో ఐదు గంటలు ఆ ‘అబ్బ’ సరిపోయింది.

పదకొండో రోజు సాయంత్రం ఫోన్ వచ్చింది. అందరూ వినేలా రుఖియా స్పీకరు పెట్టింది. క్లాసులు బాగున్నాయట. మెస్సులో ఉగ్గాని బాగుంటుందట, సాంబారు గురించి మాట్లాడకూడదట. గుడ్డలు ఉతుక్కుంటోందట. అన్నీ చెప్పాక శిరీన్ అసలు సంగతికొచ్చింది.

“నాయనా, పరుపు కొంచెం గట్టిపడినట్టుండాది. ఆదివారం వచ్చి చూస్తావా?”

ఇమాం వలి కనుబొమలు ముడిపడ్డాయి. బూరుగు దూది. తన చేత్తో ఏకి, తన చేత్తో కూరి, తన చేత్తో కుట్టింది. రెండేళ్ల దాకా గట్టిపడే ప్రశ్నే లేదు. అదే చెప్పబోయాడు. మంచం మీంచి చాంద్ బేగం గరిటెతో ఆయన మోకాలి మీద ఒకటి వేసింది.

“పడతాదమ్మా” అన్నాడు వెంటనే. “కొత్తలో గట్టిపడతాది. వస్తా.”

ఫోన్ పెట్టేసి లేచాడు. దబ్బనం, దారపు ఉండ, అర్ధకిలో దూది సంచిలో వేసుకున్నాడు. చెప్పుల్లో కాళ్లు పెడుతూ అడిగాడు.

“కర్నూలుకు మొదటి బస్సు ఎన్నింటికి?”

“ఈ పొద్దు శుక్రవారం” అంది రుఖియా.