ద్రాక్షతొట్టి

గల్ఫ్‌లో నిజ్వా ఊరి పైన కొండల్లో, పాడుబడిన మెట్లపొలాల మధ్య, తవ్వకాల్లో ఆ పాతకాలపు తొట్టి బయటపడి పదిరోజులైంది. ద్రాక్ష తొక్కే బండ, బండ మీంచి రసం దిగే కాలువ, సున్నం మెత్తిన రాతిగోడల తొట్టి. అడుగున దొరికిన మాడిన గింజల్ని కూలీలందరూ ఏవో అడవిగింజలన్నారు. ఇస్తారి ఒకటి వేళ్ల మధ్య పట్టి చూసి, "ద్రాక్షగింజ, మేడం" అన్నాడు. శంషాబాద్ దగ్గర ద్రాక్షతోటలో పన్నెండేళ్లు పనిచేశాడు. బోర్లు ఎండి తోట నరికేశాకే ఇటు వచ్చాడు. తవ్వకాలు చూసే హైదరాబాదామె షీబా మేడం అప్పటినుంచి తొట్టి శుభ్రం చేసే పని అతనికే ఇచ్చింది. ఆ గోడకు గోరు తగిలినా అతను ఓర్చుకునేవాడు కాదు.

శుక్రవారం సెలవని అందరూ నిజ్వా వెళ్లారు. కాపలాకు ఇస్తారి, కడప ఖాదర్‌వలి మిగిలారు. మధ్యాహ్నానికి కొండమీద వాన దంచింది. టార్పాలిన్ కప్పుదామని ఖాదర్‌వలి తొట్టిలోకి దిగాడు. తడిసిన గట్టు విరిగి, ఓ బండరాయి అతని కాలుమీద పడింది.

"కాలు ఇరుక్కుందిరా ఇస్తారీ!"

ఇస్తారి దూకి, గట్టుమట్టిలో కూరుకున్న రాయిని పట్టి లాగాడు, గడ్డపార వేసి ఎత్తి చూశాడు. కదల్లేదు. ఇంతలో పక్కనున్న వాగు పొంగి కాలువగుండా తొట్టిలోకి దూకింది. చొక్కా కుక్కాడు, గోనెసంచి అడ్డంపెట్టాడు. రెండూ కొట్టుకుపోయాయి. పైకెక్కి గొంతు చిరిగేలా కేకేశాడు. కొండలో మనిషన్నవాడు లేడు. తిరిగొచ్చేసరికి నీళ్లు ఖాదర్‌వలి గడ్డం దాకా వచ్చాయి.

"గోడ పగలగొట్టురా!"

"మేడం పాణమే ఈ గోడల ఉందన్నా..."

"నా పాణం పోతాండాదిరా!"

ఇస్తారి గడ్డపార ఎత్తాడు. మొదటి దెబ్బకు ఏడుపొచ్చింది. తర్వాత ఆగకుండా, పల్లంవైపు గోడ కూలేదాకా పొడిచాడు. రాయి చుట్టూ ఉన్న మట్టిని కోసుకుంటూ నీళ్లు బయటికి దూకాయి. గడ్డపారతో రాయి పెకిలించి, ఖాదర్‌వలిని వీపునేసుకుని గట్టెక్కాడు. గంటలో వాగు తొట్టినీ ద్రాక్ష తొక్కే బండనూ ఊడ్చుకుపోయింది.

మర్నాడు కంపెనీ సూపర్‌వైజర్ ఇస్తారి మాట వినలేదు. "పగలగొట్టింది నువ్వే కదా," అని వీసా రద్దు కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. కాలు విరిగిన ఖాదర్‌వలి ఆసుపత్రిలో ఉన్నాడు. సాక్ష్యం చెప్పేవాళ్లు లేరు.

విమానాశ్రయానికి పోయే బస్సెక్కేముందు షీబా మేడం వచ్చింది. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఇస్తారి తలెత్తలేకపోయాడు.

"పగిలినప్పుడు గోడ లోపల ఎట్లుండె?" అడిగింది ఆమె, నోట్‌బుక్ తెరిచి. "చూసినోడివి నువ్వొక్కడివే."

ఇస్తారి తలెత్తాడు.

"సున్నం మూడు పొరలుండె, మేడం. నడిమి పొర ఎర్రగ ఉండె."

ఆమె రాసుకుంది. బస్సు హారన్ కొడుతున్నా అతను చెబుతూనే ఉన్నాడు.