ఇరవై రెండో పెట్టె

మా ఆవిడ రాగ్నా రాసిన నవలలు తొమ్మిది. తొమ్మిదీ కలిపి మా ముందుగదిలో ఒక్క అరలో సర్దుకుంటాయి. అవి రాయడానికి అయిన చిత్తుప్రతులు, ఉత్తరాలు, డైరీలు మాత్రం ముప్పై ఎనిమిది పెట్టెలు. కాపురం పెట్టాక మూడిళ్లు మారాం. మూడుసార్లూ వాటిని మోసింది నా వీపే. సగం పెట్టెలు స్నానాలగదిలో తొట్టి నిండా పేర్చి ఉంటే, పదకొండేళ్లుగా నిలబడి స్నానం చేస్తున్న మగాణ్ణి నేను.

ఇప్పుడు నాకు ఎనభై ఒకటి, ఆవిడకి డెబ్భై తొమ్మిది. డులూత్ ఊళ్లో కొండ మీది ఈ ఇంటి మెట్లు ఇద్దరికీ ఎక్కరావడం లేదు. అందుకని ఇల్లు అమ్మేసి, సరస్సు ఒడ్డున రెండు గదుల అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. నెలాఖరుకి మారాలి. ఆ రెండు గదుల్లో మేమిద్దరం పట్టడమే గగనం. రాగ్నా మాత్రం ఒకటే మాట మీద కూర్చుంది.

"నా కాగితాలకి ఇల్లు దొరికేదాకా నేనీ ఇల్లు కదలను. కొన్నవాళ్లని నాతో పాటే ఉండమను."

రచయితల కాగితాలని యూనివర్సిటీల ఆర్కైవ్స్ వాళ్లు తీసుకుంటారు. ఒకసారి రాసిచ్చామంటే ఇక అవి కలకాలం వాళ్లవే. చల్లగా, పొడిగా దాచి, అడిగినవాళ్లకల్లా చూపిస్తారు. వినడానికి ఎంత తేలికగా ఉందో చూశారా? ఇల్లు అమ్మే ఆలోచన రాకముందు నుంచీ వెతుకుతున్నా, ఐదేళ్లు పట్టింది. ఐదేళ్లలో నా తల ప్రాణం తోకకొచ్చింది.

మొదట మినియాపొలిస్‌లో ఒక యూనివర్సిటీకి ఫోన్ చేశాను. ఎవరో కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. పుస్తకాల పేర్లు అడిగాడు, రాసుకున్నాడు. ఆ తర్వాత, "ఆవిడ ఎన్ని అడుగులు ఉంటారండీ?" అన్నాడు.

ఎత్తుతో వీళ్లకేం పనో అనుకుంటూనే, "ఐదడుగుల మూడంగుళాలు," అన్నాను.

అటువైపు కుర్రాడు దగ్గాడు. "నేనడిగింది కాగితాల సంగతండీ. అలమరలో వరసగా నిలబెడితే ఎన్ని అడుగులొస్తాయని."

ఆ నెలంతా రాగ్నా కనబడ్డ ప్రతి మనిషికీ ఇది చెప్పి నవ్వింది. ఆదివారం చర్చిలో కాఫీ దగ్గర పాస్టర్‌ని కూడా వదల్లేదు. నవ్వితే నవ్వింది గానీ, పెట్టెకి అడుగు చొప్పున ముప్పై ఎనిమిది అడుగులూ తీసుకుంటామని వాళ్లు ఉత్తరం రాసి, సంతకానికి ఫారం పంపిస్తే ఏం చేసింది? ఫోన్ తీసుకుని పడగ్గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. అరగంట వాళ్లతో మాట్లాడి బయటికొచ్చి, "వద్దు," అంది.

"ఏం, ఏమైంది?"

"వాళ్ల బేస్‌మెంట్‌లో చెమ్మవాసన వస్తుందట."

"ఫోన్లో వాసనొచ్చిందా నీకు?"

"నీకు తెలీదులే ఆర్విడ్. వేరేది చూడు."

రెండోది విస్కాన్సిన్‌లో. కొత్త భవనం, చెమ్మ అన్న మాటే లేదు. నాలుగు గంటలు కారు నడుపుకుంటూ తీసుకెళ్లి చూపించాను. భవనం నచ్చింది, మనుషులు నచ్చారు, అక్కడి సూప్ కూడా నచ్చింది. ఫారం వచ్చింది. మళ్లీ ఫోను, మళ్లీ తలుపు, మళ్లీ "వద్దు". అక్కడ కారు పెట్టుకోడానికి చోటు లేదట.

"నువ్వు చచ్చాక కారేసుకుని వెళ్తావా అక్కడికి?" అన్నాను. అనకూడని మాటే, కానీ ఒళ్లు మండిపోయింది.

"చదవడానికొచ్చే వాళ్లకి కావాలి కదా," అంది తాపీగా, బంగాళాదుంపలు తొక్క తీసుకుంటూ.

మూడోవాళ్లు మరీ మంచివాళ్లు. వాళ్లే వచ్చి పట్టుకెళ్తామన్నారు. ఆ ఆర్కైవ్స్ పెద్దావిడ గబగబా మాట్లాడుతుందని వాళ్లనీ కాదంది. నెత్తీ నోరూ కొట్టుకున్నాను. అల్లుణ్ణి వెతికేవాళ్లు కూడా ఇన్ని వంకలు పెట్టరు. ఫార్గోలో ఉండే మా అబ్బాయి నెల్స్ ఫోన్ చేస్తే వాడి దగ్గర మొత్తుకున్నాను. "అమ్మ సంగతి తెలిసిందేగా నాన్నా, వాదించి గెలుస్తావా?" అని నవ్వేశాడు. వాడికేం, స్నానాలతొట్టి వాడిది కాదు.

చివరికి మా ఊళ్లోనే, ఇంటికి రెండు మైళ్లలో ఉన్న చిన్న కాలేజీ దొరికింది. నలుగురే పనిచేస్తారట ఆర్కైవ్స్‌లో. పేరున్నవాళ్లని ముగ్గుర్ని తన్నేసి దీనికి ఒప్పుకుందేమిటా అని నాకు అంతు పట్టలేదు. అడిగితే మళ్లీ మనసు మారుతుందేమోనని నోరు మూసుకున్నాను. ఫారం వచ్చింది. ఫోన్ చేసుకుంది. తలుపు తీసుకుని బయటికొచ్చి, "మంగళవారం వ్యాన్ వస్తుంది," అంది.

మంగళవారం పొద్దున్నే మారీబెత్ అనే అమ్మాయి వ్యానూ తోపుడుబండీ వేసుకుని వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో. పెట్టెల మూతలు తీసి చూస్తూ కిరాణాచీటీలకి కూడా మురిసిపోయింది.

"ఇవి పారేస్తారు కదమ్మా?" అన్నాను.

"అయ్యో, లేదండీ. ఇలాంటివే మాకు కావాలి."

పాలు, గుడ్లు, ఈస్ట్ అని రాసిన చీటీకి ఇక కలకాలం చల్లటి గది. చేపలు పట్టే పోటీల్లో నేను గెల్చుకున్న కప్పులు మాత్రం అపార్ట్‌మెంట్‌లో చోటు లేదని పోయిన వారమే చెత్తలోకి వెళ్లాయి.

పెట్టెలన్నీ వ్యాన్లోకి చేరాయి, ఒక్క ఇరవై రెండోది తప్ప. దాన్ని రాగ్నా వంటింటి బల్ల మీద పెట్టించింది. సాక్షి సంతకం నాది కావాలంటే కళ్లజోడు పెట్టుకుని ఫారం చదవడం మొదలుపెట్టాను. చదవకుండా సంతకం పెట్టడం నా ఒంట్లో లేదు. నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది.

ఇరవై రెండో పెట్టెలోని డైరీలు ఆర్విడ్ ట్వేట్ మరణించేవరకు మూసి ఉంచవలెను.

రెండుసార్లు చదివాను. అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇదేంటి?" అన్నాను.

"చదివావుగా," అంది రాగ్నా.

"యాభై ఏళ్లు మోశాను వీటిని. ఒక్కరోజు మూత తీసి చూడలేదు. నీవి కదా అని. ఊళ్లో వాళ్లందరూ నీ ఈస్ట్ చీటీ చదువుకోవచ్చు, నేను మాత్రం చస్తేగానీ కుదరదా? నా మీద ఏం రాశావసలు?"

మారీబెత్ లేచి, "నేను వ్యాన్ దగ్గర ఉంటానండీ," అంది.

"కూర్చో అమ్మా, కాఫీ చల్లారిపోతుంది," అంది రాగ్నా. నా వైపు తిరిగి, పెట్టె మూత తీసి, ఆకుపచ్చ అట్ట డైరీ ఒకటి తీసి నా ముందు పడేసింది. "నిన్ను చదవొద్దని ఎవరన్నారు? ఇంకా సంతకం కాలేదు, ఇంకా నాదే. రిబ్బను పెట్టిన చోట చదువు."

1984 ఫిబ్రవరి పదకొండు. ఆ తేదీ నేను మర్చిపోయింది కాదు.

ఆ రోజుల్లో నేను కౌంటీలో రోడ్ల మీద మంచు తీసే బండి నడిపేవాణ్ణి. ఆ సాయంత్రం ఏడేళ్ల నెల్స్‌ని హాకీ నుంచి తీసుకొస్తుంటే పాత హైవే మీద మా కారు చెట్టుకి గుద్దుకుంది. వాడి కుడికాలు మూడుచోట్ల విరిగింది. ఈ రోజుకీ అది రెండంగుళాలు పొట్టి. మంచు మీద చక్రాలు జారాయని అందరికీ చెప్పాను. రాగ్నాకీ అదే చెప్పాను. ఆవిడ నమ్మిందనే నలభై ఏళ్లుగా అనుకుంటున్నాను.

డైరీలో ఆవిడ చిన్న చిన్న అక్షరాలతో ఇలా ఉంది: ఆర్విడ్ కోటు నిండా బ్రాందీ వాసన. ఆసుపత్రి బాత్‌రూమ్‌లో ఉతికాను. పోలీసు వచ్చి అడిగితే మంచు మీద జారిందని నేనే చెప్పాను. పాత హైవే అంతా పొద్దున ఆర్విడే మంచు తీసి, బళ్లు జారకుండా ఇసుక చల్లాడు. నెల్స్‌ని ఇంకా ఆపరేషన్ గదిలోంచి తీసుకురాలేదు.

ఆ తర్వాత పేజీ తిప్పలేకపోయాను.

"నీకు తెలుసా," అన్నాను.

"తెలుసు."

"ఒక్కసారి కూడా అనలేదే."

"మర్నాటి నుంచి నువ్వు చుక్క ముట్టలేదు. ఇంకేమనను?"

మారీబెత్ కప్పులోకి చూస్తూ నెమ్మదిగా అంది. "ఆర్విడ్ గారూ, ఆ షరతు మిమ్మల్ని ఆపడానికి కాదండీ. మీరు బతికున్నంతకాలం ఎవరూ తెరవకూడదని. పెద్ద యూనివర్సిటీల వాళ్లు పదేళ్లో ఇరవయ్యేళ్లో అయితే రాసిస్తారు, మనిషి ఆయుష్షు మీద రాయరు. అందుకే ఆవిడ వాళ్లని కాదన్నారట. మేం రాస్తామన్నాం."

"ఇరవయ్యేళ్లని రాస్తే నేనేం చెయ్యను," అంది రాగ్నా. "ఈయన తినే వెన్నకి రేపే పోవచ్చు, మొండిప్రాణం కాబట్టి నూటరెండు దాకా కూడా లాగొచ్చు. ఎన్నేళ్లని రాయించను?"

చెమ్మవాసన. కారు పెట్టుకునే చోటు. గబగబా మాట్లాడే పెద్దావిడ. ఐదేళ్లు నేను ఆవిడని ఎన్ని మాటలన్నానో అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి సిగ్గేసింది.

"కాల్చెయ్యొచ్చు కదే," అన్నాను.

"జరిగింది కాల్చను. నీ గురించి అబద్ధం ఒక్కసారి చెప్పాను, చాలు."

సంతకం పెట్టాలని పెన్ను తీసుకున్నాను. పెట్టలేకపోయాను. నేను పోయాక ఆ ఆర్కైవ్స్ గదికి ముందుగా వెళ్లేది ఎవరు? నెల్సే. వాళ్లమ్మ డైరీలంటే వాడు వెళ్లకుండా ఉంటాడా? ఎవరో ఈ పెట్టె తెచ్చి వాడి ముందు పెడతారు. వాడు ఒక్కడే కూర్చుని చదువుతాడు. చదివాక తిట్టడానికి నేనుండను, ఎందుకిలా చేశావని అడగడానికి నేనుండను. ఏ ఆర్కైవ్స్ వాళ్లూ వాడికి ఆ జవాబు వెతికిపెట్టలేరు.

నాలుగో పేజీలో ఆ వాక్యాన్ని అలాగే ఉండనిచ్చి సంతకం పెట్టాను. ఊరికి తెలియక్కర్లేదు. పెట్టె నేనే వ్యాన్ దాకా మోసుకెళ్లి మారీబెత్ చేతికిచ్చాను. తిరిగొచ్చి వంటింట్లో గోడకున్న ఫోను తీశాను. రాగ్నా కుర్చీ జరిపి నా పక్కన కూర్చుంది.

"ఏం నాన్నా, పెట్టెలు వెళ్లాయా?" అన్నాడు నెల్స్ హుషారుగా.

"వెళ్లాయి. నీకో సంగతి చెప్పాలి, కూర్చో."

"కూర్చున్నాలే, చెప్పు."

"నీ కాలు విరిగిన రోజు రోడ్డు మీద మంచు లేదురా. పొద్దున నేనే తీశాను. నేను తాగి ఉన్నాను."

అటువైపు నుంచి వాడి ఊపిరి వినిపిస్తోంది. ఫోను పెట్టెయ్యకుండా, వాడు ఏమంటే అది వినడానికి అలాగే కూర్చున్నాను.