నూట పద్దెనిమిదో శనివారం

"ప్రభా! ఎనభై ఎనిమిదిల ఐదు వారాలు ఒకటో నంబర్ల ఉన్న పాట ఏదే?"

సర్వపిండి ముద్దను గిన్నెలో వత్తుతున్న సూర్యప్రభ తల తిప్పకుండానే చెప్పింది. పాట పేరు, పాడిన పిల్ల పేరు, ఏ శనివారం పైకెక్కిందో, ఏ శనివారం దిగిందో అన్నీ చెప్పింది. చెప్పి, పిండిలో వేలితో చిల్లులు పెట్టి, చిల్లుకో చుక్క నూనె వేసి మూత పెట్టింది.

"గంత ఉరుకుతే ఎట్ల రాసుకోవాలె? మెల్లగ చెప్పు," అని హాల్లోంచి విసుక్కున్నాడు ఆమె భర్త దశరథ.

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర. పదకొండింటికి రమ్య అనే అమ్మాయి మన్సూరాబాద్‌లోని వీళ్లింటికి వస్తుంది. పాత రేడియో శ్రోతల మాటలు రికార్డు చేసి ఫోన్లలో వినిపించే కార్యక్రమం నడుపుతుందట. ఎనభైల చివర్లో లండన్ రేడియో పట్టి, బ్రిటన్‌లో ఏ వారం ఏ పాట ఎన్నో నంబరులో ఉందో రాసి పెట్టుకున్న హైదరాబాదు మనిషి ఒకరున్నారని తెలిసి సంబరపడిపోయి వస్తోంది. ఆ మనిషి దశరథ అనుకుని వస్తోంది. ఎందుకనుకోదు! మూడు పొడుగు నోటుపుస్తకాలు ఒళ్లో పెట్టుకుని, 'నా పడుచు వయసు పిచ్చి' అని రాసి ఫేస్‌బుక్కులో ఫొటో పెట్టింది దశరథే మరి. నాలుగు వందల మంది భలే భలే అన్నారు. ఆ ఫొటో తీసింది సూర్యప్రభ.

నిన్నటి నుంచీ ఆమెకు కాలు నిలవడం లేదు. ఈయన సంవత్సరాలు కలగలిపేస్తాడేమోనని భయం. పాడేది ఆడో మగో తెలియక నవ్వులపాలవుతాడేమోనని ఇంకో భయం. పెండ్లి పత్రిక వెనకాల బొద్దు అక్షరాలతో ముప్పై ఏడు జవాబులు రాసిచ్చింది. రాసిస్తూనే, ఛీ, నాకెందుకు ఈ గాబరా, పరువు పోతే ఎవరిది పోతుంది అనుకుంది. అనుకున్నంత మాత్రాన గుండె దడ ఆగిందా? ముప్పై ఆరేళ్లుగా ఆయన బనీను చిరిగినా, ఆయనకు బీపీ పెరిగినా, ఆయన ఆఫీసులో ఎవరితోనో మాటా మాటా అనుకున్నా ముందు ఈమెకే దడ వస్తుంది. అది ఒంటికి పట్టిన రోగం, ఏ దవాఖానలోనూ మందు లేదు.

అసలు సంగతి చెప్పాలంటే దిల్‌సుఖ్‌నగర్ పోవాలి. బస్సు డిపో వెనక సందులో రెండు గదుల కిరాయి ఇల్లు. ఆమె తండ్రి జానయ్య బస్సు డ్రైవరు, నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చినవాడు. వార్తల కోసం ఆయన కొన్న సెల్లుల రేడియో గూట్లో ఉండేది. సూర్యప్రభ ఇంటర్ చదువుతున్నప్పుడు ఇంగ్లీషు లెక్చరర్ "రేడియోలో ఇంగ్లీషు వినండమ్మా, నాలుక తిరుగుతుంది" అన్నాడు. తిప్పుతూ తిప్పుతూ ఒక శనివారం సాయంత్రం ఈ పిల్ల లండన్‌లో పడింది. గురగురమనే చప్పుడు నడుమ ఎవరో ఇరవై నుంచి ఒకటి దాకా వెనక్కి లెక్కపెడుతున్నాడు, మధ్యమధ్య మిషను డప్పుల పాటలు. మాటలు సగం అర్థం కాలేదు. నంబర్లు మాత్రం అర్థమయ్యాయి. పోయిన వారం పద్దెనిమిదిలో ఉన్నది ఈ వారం పదకొండుకు వచ్చింది, వచ్చేవారం ఆరుకు వస్తుందా? అప్పట్లో పాట అంత మెల్లగానే ఎక్కేది. ఆమెకు ఏడు రోజులు అదే ధ్యాస. బోళ్లు తోముతున్నా అదే, బట్టలు జాడిస్తున్నా అదే. తమ ఇంట్లో ఎవరి నంబరూ మారేది కాదు. నాన్న ముందు తినేవాడు, అన్న తర్వాత, అమ్మ అరుణమ్మ అందరి తర్వాత గిన్నె గీరుకుని తినేది. ఎక్కడో సముద్రాల అవతల ఒక ఆడపిల్ల గొంతు ఇరవై నుంచి ఒకటికి ఎక్కడం చూస్తే ఈమెకు ఒళ్లు జలదరించేది.

ఆ అరగంట ఊరికే దొరకలేదు. శుక్రవారమే సెల్లులు డాబా మీద ఎండబెట్టేది, ఎండ తగిలితే ఇంకో వారం బతికేవి. శనివారం కాలేజీ నుంచి రాగానే పిండి పిసికి, రొట్టెలు చేసి, మంచినీళ్లు పట్టి, అప్పుడు గూటి దగ్గర నేల మీద కూర్చునేది. గ్రాఫు కాగితం కొనే స్తోమత లేదు. చేతిలో ఉన్న విద్య ముగ్గు. వారానికి ఒక వరస, వరసకు ఇరవై చుక్కలు, నిలువుగా. పోయిన వారం ఏ చుక్క దగ్గర పాట ఉందో అక్కడి నుంచి ఈ వారం చుక్కకు గీత. నచ్చిన పాటకు ఎర్ర రీఫిల్లు. పక్కన పేర్లు చెవికి తోచినట్టు తెలుగులోనే. ఇట్లా నూట పద్దెనిమిది శనివారాలు రాసింది. తర్వాత పెండ్లయింది.

పెట్టెలో పుస్తకాలు చూసి అత్త "ఇంగ్లీషు పాటల పుస్తకాలు ఏం జేస్కుంటవ్ బిడ్డా, కూర వండుతయా?" అంది. దశరథ మాత్రం అట్లా అనలేదు. తను పనిచేసే బ్యాంకు మేనేజరుకు ఇంగ్లీషు పాటలంటే ప్రాణమని తెలిశాక, రోజూ పడుకునే ముందు పదేసి పాటలు చెప్పించుకుని వల్లె వేశాడు. ఆఫీసు క్విజ్‌లో మొదటి బహుమతి గోడ గడియారం, మేనేజరు ఇంట్లో భోజనం. ఆ భోజనానికి ఈమె వెళ్లలేదు, పిల్లకు జ్వరం. "మీరే రాసిన్రని చెప్పిన్రట కద?" అని అడిగితే నవ్వాడు. "నీది నాది అని ఉన్నదా మనింట్ల?" అన్నాడు. నిజమే, లేదు. అంట్లు మాత్రం నీవి అనేవాడు.

రమ్య సరిగ్గా పదకొండుకు వచ్చింది. ఎల్బీనగర్‌లో మెట్రో దిగి ఆటోలో వచ్చిందట. ఇరవై ఐదేళ్లుంటాయి, వాళ్ల నాన్న విజయవాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడట. "నమస్తే అంకుల్, నమస్తే ఆంటీ, భలే వాసన వస్తోందండీ!" అంటూ చెప్పులు విప్పి, టీపాయ్ మీద అరచెయ్యంత మిషను పెట్టి, ఎర్ర దీపం వెలిగించింది. సూర్యప్రభ చాయ్ పెట్టడానికి వంటింట్లోకి పోయి, తెర వెనక నిలబడింది.

దశరథ బాగానే మొదలుపెట్టాడు. మోకాలి మీద పెండ్లి పత్రిక, ముక్కు మీద కళ్లద్దాలు. ఒకటి రెండు చోట్ల సంవత్సరం తప్పు చెప్పాడు, తెర వెనక ఆమె పెదవి కొరుక్కుంది. పోనీలే, నెట్టుకొచ్చేస్తాడు అనుకుంటుండగా ఆ మాట వినబడింది.

"మా అబ్దుల్లాపూర్‌మెట్ ఇంట్ల డాబా ఉంటుండె. శుక్రవారమే సెల్లులు ఎండబెడ్తుంటి అమ్మా. ఎండ తాకితే ఇంకో వారం నడుస్తయి."

సూర్యప్రభకు చప్పున కళ్లలో నీళ్లు తిరిగాయి. పాటలు తీసుకున్నాడు, సరే. సెల్లులు కూడానా! పెండ్లయిన కొత్తలో, ఇంకా సిగ్గు పోని రోజుల్లో, ఆయనకు మాత్రమే చెప్పుకున్న ముచ్చట అది. ఆ కాలే సిమెంటు డాబా, ఒంటి కాలి మీద ఎగురుతూ పోయి సెల్లులు వరస పెట్టిన ఆ పిల్ల... ఆ పిల్లనే తీసేసి ఈయన వెళ్లి నిలబడ్డాడు. ఆమెకు ఇట్లాంటి కోపం ఇంతకు ముందెప్పుడూ రాలేదు. కోపం వెనకే భయం. బయటికి పోయి ఏమని చెప్పాలి? పెద్దమనిషి పరువు ఆ పిల్ల ముందు తీయాలా? తీస్తే రేపు ఈ ఇంట్లోనే కదా ఉండాలి.

"అంకుల్, ఇదేంటి, చుక్కలు పెట్టి కలిపారు? అచ్చం ముగ్గులా ఉంది!" రమ్య పేజీలు తిప్పుతోంది.

"గది గ్రాఫమ్మా. లెక్కల స్టూడెంటును గద."

"ఇంత ఓపికా! నాకైతే ఎత్తుకుపోవాలనిపిస్తోంది."

"ఎత్తుకపో తల్లీ! నీ తాననే పెట్టుకో. నువ్వు ఎగ్జిబిషన్ పెడ్తనంటివి గద, దాంట్ల పెట్టు. కింద నా పేరు రాయి, సాలు. ఇంట్ల ఉంటే ఏం ఫాయిదా, చెదలు తింటయి."

వంటింట్లో రెండో వాయి సర్వపిండి మాడిన వాసన వచ్చింది. ఆమె పొయ్యి కట్టేసింది గానీ గిన్నె దించలేదు. మూడు పుస్తకాలు. ఇల్లు నాలుగుసార్లు మారినా బీరువా అడుగున చీరల కింద, నాఫ్తలీను గోలీలు వేసి కాపాడుకున్నవి. చెదలట! ఇప్పుడు అడగకపోతే ఆ పిల్ల సంచిలో పడి పోతాయి, పోయి ఇంకో పేరు పెట్టుకుని గాజు పెట్టెలో కూర్చుంటాయి. రేపు తను చచ్చిపోయాక, ఇట్లాంటి పని ఒకటి తను చేసిందని చెప్పడానికి ఒక్క కాగితం ఉండదు.

"అంకుల్, ఈ ఆఖరి పేజీ ఏంటండీ?" రమ్య గొంతులో ఆశ్చర్యం. "అక్టోబరు ఎనభై తొమ్మిది. పంతొమ్మిది చుక్కలు కలిపారు, పేర్లు కూడా ఉన్నాయి. పైన ఒకటో నంబరు చుక్క ఒక్కటే ఖాళీ. అదే ముఖ్యం కదండీ, దాన్నెలా వదిలేశారు?"

పెండ్లి పత్రిక ముందుకూ వెనక్కూ తిప్పిన చప్పుడు. అందులో ఆ జవాబు లేదు. మరిచిపోయి వదిలిందో, కావాలనే వదిలిందో సూర్యప్రభకే తెలియదు.

"గా దినం... కరెంటు పోయుండె."

"సెల్లుల రేడియో అన్నారు కదండీ?"

ఉప్పు తక్కువైనప్పుడు పిలిచినట్టే పిలిచాడు ఆమె మొగుడు.

"ప్రభా! గా వారం ఏమైందే? జర ఇటు రా, చెప్పు."

ఆమె వచ్చింది. చేతిలో పళ్లెం లేదు, చాయ్ లేదు. వచ్చినవాళ్లకు వేసే ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని ఆ మిషను ముందు కూర్చుంది. దశరథ కళ్లద్దాల పైనుంచి చూశాడు. ఇంట్లో చుట్టం ఉండగా ఆమె కూర్చోవడం ఆయన ఎప్పుడూ చూసినట్టు లేదు.

సూర్యప్రభ రమ్య ఒళ్లోంచి పుస్తకం తీసుకుని ఆఖరి పేజీ చూసింది. నీలం సిరా కొంచెం పాలిపోయింది.

"గా శనివారం నన్ను సూడనీకె ఒచ్చిన్రు బిడ్డా. ఆయితారం రమ్మను నాయినా అని కాళ్లు మొక్కిన. పిలగానికి శనివారమే ఒంటిపూట బ్యాంకు, గప్పుడే తీరుతదన్నరు. ముందల అర్రల అందరు కూసున్నరు. నేను చీర కట్టుకోని వెనక అర్రల గూటి దగ్గర, సప్పుడు బాగ తక్కువ పెట్టుకోని రాస్తున్న. ఇరవై నుంచి రెండు దాక రాసిన. రెండో పాట అయిపోయింది, గాయన ఒకటో నంబరు చెప్తనని గొంతు సవరిచ్చుకుండు."

"ఆంటీ, మీరా..." అని రమ్య నోరు తెరిచింది. దశరథను చూసింది, పుస్తకాన్ని చూసింది, ఆ చుక్కలను చూసింది.

"గంతల ముందల అర్రకెల్లి పిలగాని మాట ఇనబడ్డది. 'ఎవలు గా రేడియో పెట్టిన్రు? జర బంద్ చెయ్యుండ్రి, మాట ఇనస్తలేదు' అన్నడు. మా అన్న ఉరికొచ్చి బంద్ చేసిండు, మల్ల నన్ను ముట్టనియ్యలే. ఈయన గొంతు నేను ఇన్నది గదే మొదలు. గా ఒకటో నంబరు ఏ పాటనో నాకు ఇప్పటికి ఎరుక లేదు."

ఫోనులో వెతికితే ఒక్క క్షణంలో దొరికేది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఎన్నిసార్లు వెతకబోయి ఆగిందో. వెతికితే ఆ చుక్కను తానే మూసేసినట్టవుతుందని బాధ.

దశరథ ముఖం ఎర్రబడింది. నవ్వబోయాడు, రాలేదు. పెండ్లి పత్రిక మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఎప్పటి ముచ్చట్లో... ఆడోళ్లకు గివ్వే యాదికుంటయి. గిదంత వద్దు గానీ, అమ్మా రమ్యా, జర గా మైకు బంద్ చెయ్యి," అని చెయ్యి చాపాడు.

ఆయన చెయ్యి చేరకముందే సూర్యప్రభ ఆ మిషను అందుకుంది. దడ తగ్గలేదు. మూడు పుస్తకాలూ ఒక్కొక్కటిగా తన ఒళ్లోకి చేర్చుకుంది. మిషనును నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"బంద్ చెయ్యకు బిడ్డా. నా పేరు సూర్యప్రభ. ఇరవై నుంచి చెప్తా, ఇను."