ఊళ్ళో లేరండి

మా పెద్దత్తయ్యగారు రత్నమాణిక్యం గారికి అబద్ధం ఆడటం చేతకాదు. ఒక్క అబద్ధం తప్ప. పోలీసులు గుమ్మంలోకొచ్చి “రాజుగారున్నారా?” అంటే “ఊళ్ళో లేరండి” అనడం ఆవిడకి కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ అలవాటు.

తప్పంతా మా పెద్దమావయ్యగారు బుచ్చిరాజుగారిది. ఆయన కోడిపందేల మనిషి. సంక్రాంతి ముందు పోలీసులు ఇల్లిల్లూ తిరిగి, పందెం వేసేవాళ్ళని స్టేషన్‌కి పిలిపించి, ఇక పందేల జోలికి పోమని సంతకాలు పెట్టించుకోవడం మా మొగల్తూరు వైపు ఏటా ఉండేదే. వాళ్ళొచ్చేసరికి ఆయన పుంజుని చంకలో పెట్టుకుని గాదె వెనక నక్కేవారట. ఈవిడ అరుగు మీద నిలబడి “కాకినాడ వెళ్ళారండి, ఎప్పుడొస్తారో తెలీదండి” అనేవారట. ఒకసారి గాదె వెనక నుంచి పుంజు కూసినా ఆవిడ మొహంలో మార్పు లేదని మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. మావయ్యగారు పోయారు గానీ ఆ అలవాటు పోలేదు.

మా ఆయన శ్రీనివాసరాజు ఆవిడకి మరిది కొడుకు. పసితనంలోనే తల్లి పోతే ఆవిడే పెంచారు. సొంత పిల్లలు లేరు కాబట్టి ఉన్న ప్రేమంతా ఆయన మీదే.

ఆ రోజుల్లో మా రొయ్యల చెరువుకి వైరస్ తగిలి వరసగా పంటలు పోయాయి. చెరువు వేరేవాళ్ళకి లీజుకిచ్చేశాం. లీజుకి తీసుకున్నవాళ్ళు మా ఆయన్నే సూపర్‌వైజరుగా పెట్టుకున్నారు. తన చెరువు గట్టు మీద తనే జీతగాడిగా నిలబడి, నిన్నగాక మొన్న వచ్చిన కుర్ర ఓనరు చేత మాటపడి ఇంటికొచ్చి అన్నం సగంలో వదిలేసి లేచిపోయేవారు.

అప్పుడు సౌదీలో రొయ్యల చెరువులున్న కంపెనీ ఒకటి భీమవరంలో ఇంటర్వ్యూలు పెట్టింది. మా ఆయనా, ఆయన స్నేహితుడు సత్యప్రసాదూ ఇద్దరూ సెలెక్టయ్యారు. ఫిబ్రవరి నెలాఖరుకల్లా పాస్‌పోర్టు చేతిలో ఉండాలన్నారు. ఇద్దరూ ఒకేరోజు అప్లికేషన్లు పెట్టారు.

ఇక మా ఆయన చాదస్తం మొదలైంది. వీసా వచ్చేదాకా ఎవరికీ చెప్పకూడదట, దిష్టి తగులుతుందట. “పెద్దత్తయ్యగారికైనా చెప్పండి” అన్నాను. “దొడ్డమ్మకి చెబితే ఊరంతటికీ చెప్పినట్టే. ఆవిడ సంతోషం ఆవిడ నోట్లో ఆగదు” అన్నారు. భీమవరంలో కొన్న కొత్త సూట్‌కేసుని గోనెసంచిలో చుట్టి అటక మీద దాచారు. చెరువుకి వైరస్ తగిలింది ఎవరి దిష్టి వల్లో అడుగుదామనుకున్నాను. ప్రయాణం ముందు గొడవెందుకని ఊరుకున్నాను.

ధనుర్మాసంలో ఒకరోజు నేను మా బాబుని డాక్టరుకి చూపించడానికి నరసాపురం వెళ్ళాను. మా ఆయన చెరువు దగ్గరున్నారు. మామూలు ప్యాంటూ చొక్కాలో ఒకతను మోటారుసైకిలు మీద వచ్చి “శ్రీనివాసరాజుగారున్నారా అండీ? చిన్న ఎంక్వైరీ” అన్నాడట. అత్తయ్యగారి చూపు తిన్నగా అతని కాళ్ళ మీదకి వెళ్ళింది. ఎర్ర బూట్లు. బట్టలు మార్చినా బూట్లు మార్చలేదు పాపం.

“ఆ అబ్బాయి ఇక్కడుండట్లేదండి. ఊరొదిలి ఏడాది దాటిపోయింది” అన్నారు ఆవిడ. పక్కింటి మరిడమ్మ కూడా గోడ మీంచి చూసి “అవునండి, ఎక్కడున్నాడో కూడా తెలీదండి” అని వంత పాడింది. మా వీధిలో పోలీసుకి జవాబు చెప్పేటప్పుడు ఒకరి మాట ఒకరు కాదనరు. అతను రాసుకుని వెళ్ళిపోయాడు.

ఈ సంగతి ఆవిడ మాకు చెప్పలేదు. ఆవిడ లెక్కలో అది చెప్పుకోవాల్సినంత పెద్ద పనేమీ కాదు.

సత్యప్రసాద్ పాస్‌పోర్టు వచ్చింది. మాది రాలేదు. ఫిబ్రవరి సగమయ్యాక ఇక ఉండబట్టలేక మా ఆయన స్టేషన్‌కి వెళ్ళి అడిగారు. “నేనే వచ్చానండి. మీ ఇంట్లో పెద్దావిడే లేరన్నారు. పక్కవాళ్ళూ అదే అన్నారు. అదే రాసి పంపేశాను. మళ్ళీ రాస్తాను గానీ, టైము పడుతుందండి” అన్నాడట ఆ కానిస్టేబులు. అతని తప్పేముంది?

ఇంటికొచ్చి మా ఆయన పెరట్లో చేతులు కడుక్కుంటూ ఈ సంగతి నాతో చెప్పారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అత్తయ్యగారిని అడిగేద్దామని లేచాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. “వద్దు. చెప్పకుండా దాచింది నేను. నన్ను కాపాడాననుకుంటోంది ఆవిడ” అన్నారు. ఆ గొంతు విన్నాక నా కోపం ఎవరి మీద పెట్టుకోవాలో నాకే తెలియలేదు.

గడువు దాటిపోయింది. కంపెనీ ఆ ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చేసింది.

సత్యప్రసాద్ వెళ్ళే ముందు అత్తయ్యగారి కాళ్ళకి దణ్ణం పెట్టడానికి వచ్చాడు. మంచివాడు, ఏమీ తెలియకుండానే అనేశాడు. “రాజుగారూ నేనూ కలిసి వెళ్ళాల్సిందండి. పాస్‌పోర్టు ఎంక్వైరీకి పోలీసొస్తే మనిషి ఊళ్ళో లేడని చెప్పేశారట ఎవరో.”

అత్తయ్యగారు అక్షింతలు వేయబోతున్న చెయ్యి అలాగే ఉంచి నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. ఆవిడకి ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. ఆ పూట అన్నం తినలేదు.

మర్నాడు పొద్దున్నే జరీ అంచు చీర కట్టుకుని ఎవరితోనూ చెప్పకుండా రిక్షా ఎక్కారు. పోలీసుల్ని ఏనాడూ గుమ్మం దాటి లోపలికి రానివ్వని మనిషి తనంతట తనే స్టేషన్ మెట్లెక్కారు. “నేను అబద్ధం చెప్పానండి. మా వాడు ఆ ఇంట్లోనే పుట్టాడు, అక్కడే ఉన్నాడు. రాసుకోండి. శిక్ష వేస్తే నాకు వెయ్యండి” అన్నారట. వాళ్ళు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, పాస్‌పోర్టు వచ్చేస్తుందని చెప్పి పంపించారు.

మొహం వెలిగిపోతూ ఇంటికొచ్చారు. “చెప్పొచ్చాను రాజా. ఇంక నీకు అడ్డం లేదు. నువ్వు వెళ్ళొచ్చు” అన్నారు.

మా ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి, “మంచి పని చేశావు దొడ్డమ్మా” అన్నారు.

వేసవిలో పోస్ట్‌మాన్ సత్తియ్య గేటు దగ్గర సైకిలు ఆపి “శ్రీనివాసరాజుగారున్నారా అండీ?” అని కేకేశాడు. అత్తయ్యగారు మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి అరుగు మీదకి పరుగెత్తారు. “ఉన్నాడండి! ఇంట్లోనే ఉన్నాడు! ఎక్కడికీ వెళ్ళలేదండి!” అని వీధంతా వినబడేలా అరిచారు.

మా ఆయన వచ్చి సంతకం పెట్టి, కవరు విప్పి పాస్‌పోర్టు ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడ దాన్ని కళ్ళకద్దుకుని, ఫోటో తడిమి, “ప్రయాణం ఎప్పుడు రాజా? రొయ్యల పచ్చడి పెట్టాలి” అన్నారు.

“రొయ్యల కంపెనీకి రొయ్యల పచ్చడెందుకు దొడ్డమ్మా?” అని ఆయన నవ్వారు. “ఈ పంట పట్టుబడి అయ్యి, రొయ్యలు లారీకెత్తాక చూద్దాంలే.”

ఆవిడ వినలేదు. మర్నాడే రొయ్యలు తెప్పించి, దగ్గరుండి వేయించి జాడీకెత్తి, మూతికి వాసెన గుడ్డ కట్టి అటక మీద సూట్‌కేసు పక్కన పెట్టించారు. ఇంట్లో ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. పట్టుబడి అయిపోయింది, ఇంకో పంట వేశారు. పచ్చడి పాడైపోతుందని ఒకరోజు ఆవిడే జాడీ దింపించి, మా ఆయన కంచంలో వడ్డించి, ఏమీ అడగకుండా పక్కన కూర్చున్నారు. ఆయన ఆ పూట అన్నం మొత్తం తిన్నారు.